ఎవరితో పోల్చి చెప్తున్నారు?

(విజయనగరంలో ఒక ఆదివారం ఉదయం పెన్షనర్ల సమావేశంలో, రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాశాం. మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి మైకు వినిపిస్తోందా? సరే.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. ముప్పై రెండేళ్లు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి. ఇక్కడ కూచున్నవాళ్లలో నలుగురైదుగురు నా చేత తిట్లు తిన్నవాళ్లే. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలి, ఏది మానేయాలి అని నన్ను అడక్కండి. ఎవరైనా ఒక అంకె చెప్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. గుండెజబ్బుకి స్టెమ్ సెల్స్, అదే మూలకణాల (వేరే రకం కణాలుగా మారగల కణాల) వైద్యం గురించి మాట్లాడ్డానికి నాకున్న అర్హత అదే. ఇంకోటి కూడా ఉంది లెండి. నేనే పేషెంటుని.

ఆరేళ్ల కిందట పెద్దచెరువు గట్టు మీద వాకింగు చేస్తుంటే ఎడమ దవడ లాగింది. పంటినొప్పి అనుకున్నాను. ఇంతలో చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. "మేష్టారూ, మొహం అలా అయిపోయిందేటండీ" అని తోటి వాకరు ఒకాయన ఆటో ఎక్కించేశాడు. ఇక్కడ గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చి విశాఖపట్నం పంపారు. అక్కడ స్టెంటు వేశారు. మూడో రోజు ఎకో, అదే గుండె స్కానింగు, తీస్తే ఈఎఫ్ 38 అన్నారు.

ఈఎఫ్ అంటే ఏమిటో చాలామందికి తెలిసే ఉంటుంది. గుండె ఎడమ గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎంత శాతాన్ని ఒక్క కొట్టుకి బయటికి తోస్తుందో ఆ లెక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 55 పైన ఉంటుంది. వందకి వంద ఎవరికీ ఉండదు. 38 అనగానే మా ఆవిడ ఏడుపు మొదలెట్టింది. పాస్ మార్కు 35 కదా అని నేను సముదాయించాను. (నవ్వులు)

వారం తిరక్కుండా మా బావమరిది ఫోన్లో ఒక వీడియో పట్టుకొచ్చాడు. అదిగో, మూడో వరసలో నవ్వుతున్నాడే, ఆయనే. ఏదో పెద్ద నగరంలో క్లినిక్. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోంచి మూలకణాలు వేరుచేసి, గుండెలోకి ఎక్కిస్తారట. చచ్చిన కండరం మళ్లీ మొలుస్తుందట. అయ్యే ఖర్చు మా రెండో అమ్మాయి పెళ్లికని దాచిన ఎఫ్‌డీకి దగ్గర దగ్గరగా ఉంది. ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"చాలామందికి బాగుంది సార్."

"ఎంతమందికి చేస్తే ఎంతమందికమ్మా?"

"చాలామందికి సార్. ఫాలో అప్‌కి వచ్చినవాళ్లంతా హ్యాపీ సార్."

"రానివాళ్లో?"

ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లు రాలేదు కదా సార్" అంది.

ఆ అమ్మాయిని తప్పు పట్టను. ఉన్నదున్నట్టే చెప్పింది. చనిపోయినవాడు ఫాలో అప్‌కి ఎలా వస్తాడు? నేను ఫోన్ పెట్టేశాను. మా బావమరిది మాత్రం ఒప్పుకోలేదు. "బావా, లెక్కలు మానేసి బతుకు చూసుకో" అన్నాడు. బతుకు చూసుకుందామనే లెక్కల్లోకి దిగాను. ఇంట్లో మంచం మీద రెండు నెలలు ఖాళీ. ఇంటర్నెట్టు ఉంది. దొరికిన పరిశోధన పత్రాలన్నీ చదివాను.

ఈ ఆశ ఊరికే పుట్టింది కాదు, ఆ సంగతి ముందు ఒప్పుకోవాలి. పెద్ద గుండెపోటు వస్తే వంద కోట్ల దాకా గుండె కండర కణాలు చచ్చిపోతాయి. చర్మం గీసుకుంటే మానుతుంది, కాలేయం కొంత కోసేసినా పెరుగుతుంది. గుండె అలా కాదు. చచ్చినచోట మచ్చ కడుతుంది, మచ్చ కొట్టుకోదు. అసలు గుండె కణాలు కొత్తవి పుడతాయా లేదా అన్నది కూడా చాలాకాలం తేలలేదు. 2009లో స్వీడన్ వాళ్లు తేల్చారు, అది కూడా భలే పద్ధతిలో. 1950, 60 దశకాల్లో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది. గాలిలోంచి పైరుకి, పైరులోంచి తిండికి, తిండిలోంచి మన ఒంట్లోకి. కణం పుట్టిన ఏడాది గాలి ఎలా ఉందో దాని డీఎన్‌ఏలో గుర్తుండిపోతుంది. ఆ గుర్తు పట్టి కణాల వయసు లెక్కకట్టారు. పాతికేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం మారుతుంది. డెబ్బై అయిదేళ్లకి అది అరకంటే తక్కువ, 0.45. ఈ హాల్లో చాలామందిమి ఆ బాంబుల కాలంలో పుట్టినవాళ్లమే. మన గుండెల్లో ఆ గుర్తు ఇంకా ఉంటుంది.

అంటే గుండె తనంతట తాను బాగుచేసుకునే వేగం ఇది. దీంతో వంద కోట్ల కణాల లోటు పూడదు. అందుకని 2001లో ఎలుకల మీద ఒక పరిశోధన వచ్చినప్పుడు ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. మూలుగలోని కణాలు గుండెలో వేస్తే గుండె కండరంగా మారిపోయాయని అందులో రాశారు. రాసిన బృందంలో ప్రధానమైన పేరు పియెరో ఆన్వెర్సా. నేచర్ పత్రికలో అచ్చయింది. అదే ఏడాది జర్మనీలో మనుషులకి కూడా ఎక్కించడం మొదలెట్టేశారు. 2004లో అదే నేచర్‌లో రెండు వేరే బృందాలు రాశాయి: మేమూ చేసి చూశాం, ఆ కణాలు గుండె కణాలుగా మారట్లేదు అని. ఆన్వెర్సా మాత్రం తర్వాత హార్వర్డ్‌కి వెళ్లి గుండెలోనే మూలకణాలు ఉన్నాయంటూ పేపర్ల మీద పేపర్లు రాశాడు. చివరికి 2018లో, ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పేపర్లు వెనక్కి తీసుకోవాలని హార్వర్డ్, దాని అనుబంధ ఆసుపత్రి పత్రికలకి రాయాల్సివచ్చింది. డేటా తప్పుల తడక అని తేలింది. మనుషుల మీద చేసిన ట్రయల్, అంటే వైద్యాన్ని పరీక్షించే ప్రయోగం, ఒకటి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, దాన్ని 2019లో రద్దు చేశారు.

ఇది చెప్పగానే "చూశారా, అంతా మోసం" అంటారు కొందరు. ఒక్కడు దొంగ లెక్క రాశాడని క్లాసు మొత్తాన్ని ఫెయిల్ చేయలేం కదండీ. నిజాయితీగా చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల లెక్కలు చూద్దాం. నాకు అసలు ఆసక్తి అక్కడే.

జర్మనీ కేంద్రంగా చేసిన ఒక ట్రయల్ ఫలితం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పేరు రిపెయిర్-ఏఎంఐ. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవాళ్లు 204 మంది. అందరికీ తుంటిలోంచి మూలుగ తీశారు. ఆ తర్వాత ఎవరు ఏ వైపో చీటీ వేసి తేల్చారు. సగం మందికి వాళ్ల కణాలే గుండె రక్తనాళంలోకి ఎక్కించారు, మిగతా సగానికి కణాలు లేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది వెళ్లిందో పేషెంటుకి తెలియదు. నాలుగు నెలలకి కొలిచారు. కణాలు ఎక్కించుకున్నవాళ్లకి ఈఎఫ్ సగటున అయిదున్నర పాయింట్లు పెరిగింది.

ఇక్కడ ఆపేస్తే మా బావమరిది వీడియో తయారైపోతుంది. మరి ఉత్త ద్రవం ఎక్కించుకున్నవాళ్లకో? వాళ్లకి కూడా మూడు పెరిగింది.

ఏమీ ఇవ్వనివాడికి ఎందుకు పెరిగింది? గుండెపోటు వచ్చినప్పుడు కండరం మొత్తం చావదు. కొంత చస్తుంది, దాని చుట్టూ ఉన్నది మూర్ఛపోయి ఉంటుంది. రక్తం మళ్లీ అందితే వారాల మీద తేరుకుంటుంది. దానికి తోడు మాత్రలు పనిచేస్తాయి, మనిషి సిగరెట్టు మానేస్తాడు, ఉప్పు తగ్గిస్తాడు. కాబట్టి కణాల ఖాతాలో వేయాల్సింది అయిదున్నర కాదు, రెండున్నర. క్లినిక్ వాళ్లు చూపించే "ముందు, తర్వాత" రిపోర్టుల్లో ఈ తీసివేత ఉండదు. వాళ్ల దగ్గర పోల్చి చూడ్డానికి రెండో వరస మనుషులే ఉండరు మరి.

ఆ రెండున్నరైనా ఉందా? అదే పత్రిక, అదే సంచికలో నార్వే వాళ్ల ట్రయల్ కూడా వచ్చింది. వంద మంది. తేడా ఏమీ లేదు. అంతకుముందు 2004లో బూస్ట్ అని 60 మందితో చేశారు. ఆరు నెలలకి ఈఎఫ్ కణాలవైపు 6.7 పెరిగింది, ఇంకోవైపు 0.7. అబ్బో అనుకున్నారు. పద్దెనిమిది నెలలకి మళ్లీ కొలిస్తే రెండోవైపు వాళ్లు కూడా లేచివచ్చారు, నమ్మదగిన తేడా మిగల్లేదు.

పైగా ఈ ఈఎఫ్ అన్న అంకె మీద నాకు మొదట్నుంచీ కొంచెం అనుమానం. నాలుగో నెలలో నాకు ఎకో తీసినప్పుడు, తీస్తున్న కుర్రాణ్ణి అడిగాను, మళ్లీ ఒకసారి కొలవవా బాబూ అని. విసుక్కోకుండా కొలిచాడు. స్క్రీను మీద గుండె గోడ అంచు వెంట చుక్కలు పెట్టుకుంటూ పోతాడండి, మనం పొలం సర్వేలో రాళ్లు పాతుకుంటూ పోయినట్టు. ఆ చుక్క ఇటు జరిగితే ఒక లెక్క, అటు జరిగితే ఒక లెక్క. మొదటిసారి 41, రెండోసారి 45. అదే గుండె, అదే మంచం, అదే కుర్రాడు, మధ్యలో ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో నా గుండెలో ఏమీ మొలవలేదని మాత్రం నేను హామీ ఇవ్వగలను. (నవ్వులు) అందుకే కొలిచేవాడికి కూడా ఎవరు ఏ వర్గమో తెలియకూడదు. తెలిస్తే చెయ్యి తెలియకుండానే అటు జరుగుతుంది. దానికి దొంగ అయి ఉండక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పేపరు సంగతి. 2014లో లండన్ వాళ్లు బీఎంజే అనే వైద్య పత్రికలో రాశారు. మూలుగ కణాల ట్రయల్స్ 49 తీసుకుని, ఒక్కో పేపరునీ మేష్టరు ఎర్ర ఇంకుతో దిద్దినట్టు దిద్దారు. ఏం వెతికారంటే, రెండూ ఒకేసారి నిజం కాలేని సంగతులు. ఉదాహరణకి నేను చెప్తాను: "పదిమంది పేషెంట్లలో 37 శాతం మందికి షుగరు ఉంది" అన్నారనుకోండి. పదిమందిలో ముప్పై ఏడు శాతం ఎలా వస్తుంది? మూడు మనుషులూ ఒక కాలూనా? అలాంటి పొసగని సంగతులు మొత్తం ఆరొందల పైన దొరికాయి. తర్వాత తప్పుల సంఖ్యని, కనిపించిన లాభాన్ని పక్కపక్కన పెట్టారు. ఒక్క తప్పూ లేని పేపర్లలో సగటు లాభం సున్నా, నిజానికి సున్నాకి కాస్త కిందే. తప్పులు అన్నిటికంటే ఎక్కువున్నవాటిలో లాభం 7.7 పాయింట్లు. నా జీవితంలో ఎన్నో గ్రాఫులు గీశాను, గీయించాను. ఇంత బాధ కలిగించిన గ్రాఫు ఇంకోటి లేదు.

మరి కణాలు ఎక్కించాక ఏమవుతున్నాయి? 2005లో వాటికి రేడియోధార్మిక గుర్తు పెట్టి చూశారు. గంట తిరిగేసరికి దెబ్బతిన్న గుండెభాగంలో మిగిలింది నూటికి మూడు కూడా లేవు. మిగతావి కాలేయానికీ ప్లీహానికీ కొట్టుకుపోయాయి. మన ఉభాల టైములో చేసినట్టు నారు పట్టుకుని మడిలో గుచ్చడం కాదిది. వరద నీళ్లలో విత్తనాలు జల్లినట్టు. ఇంకో విడ్డూరం, ఈ మధ్య ఎలుకల్లో చచ్చిన కణాలు వేసి చూశారు. బతికున్నవి వేస్తే ఎంత లాభమో చచ్చినవి వేసినా అంతే లాభం. పరాయి వస్తువేదో వచ్చిందని ఒంట్లోని రక్షక కణాలు అక్కడికి చేరి, మచ్చని కాస్త చక్కబెడుతున్నాయన్నమాట. అంటే కనిపించిన కొద్ది లాభానికి కూడా "కండరం మొలిచింది" అన్నది కారణం కాకపోవచ్చు.

"అంకెలు ఎందుకు మేష్టారూ, పేషెంటుకి ఆయాసం తగ్గిందా లేదా చూడండి" అని ఒక మిత్రుడు అన్నారు. మంచి మాటే. కానీ అదీ మోసం చేస్తుంది. 1950లలో అమెరికాలో గుండెనొప్పికి ఒక ఆపరేషన్ ఉండేది. ఛాతీ లోపలి రక్తనాళాన్ని ముడేసేవారు. చాలామందికి నొప్పి తగ్గేది. 1959లో కాబ్ అనే డాక్టరు 17 మందిని తీసుకుని, ఎనిమిది మందికి నిజంగా ముడివేసి, తొమ్మిది మందికి చర్మం మీద కోత పెట్టి కుట్టేశాడు. కోత ఒక్కటే పడినవాళ్లకి కూడా నొప్పి అంతే తగ్గింది. ఆ తర్వాత ఆ ఆపరేషన్ మూలపడింది. తుంటిలో సూది గుచ్చించుకుని, లక్షలు కట్టి, రైలెక్కి వెళ్లి వచ్చినవాడు "ఏమీ తేడా లేదు" అని చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

అందుకే చివరికి చూడాల్సింది మనిషి బతికున్నాడా, మళ్లీ ఆసుపత్రి పాలయ్యాడా అన్నది. లోపలి అంకె బాగుపడి మనిషి పోయిన సందర్భాలు ఉన్నాయి. గుండెపోటు తర్వాత గుండె లయ తప్పి అదనంగా కొట్టుకోవడాన్ని అణచడానికి కొన్ని మందులు వాడేవారు. ఈసీజీ చక్కగా వచ్చేది. 1989లో కాస్ట్ అనే ట్రయల్‌లో చీటీ వేసి చూస్తే, మందు వేసుకున్నవాళ్లలో 56 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 22. రెండువైపులా దాదాపు అంతేమంది మనుషులు. ఈసీజీ కాగితం మాత్రం బ్రహ్మాండం.

మూలకణాలకి ఆ చావుబతుకుల లెక్క తేల్చాలని యూరప్‌లో బామీ అనే ట్రయల్ మొదలెట్టారు. మూడు వేల మందిని చేర్చాలనుకున్నారు. 375 మంది దొరికారు. 2020లో ఫలితం వచ్చింది. రెండేళ్లలో చనిపోయినవాళ్లు కణాలవైపు 3.26 శాతం, రెండోవైపు 3.82. అంతమందిలో ఈ తేడాకి అర్థం లేదు. నాకు అందులో వేరే సంగతి కనిపించింది: ఏ కణాలూ ఎక్కించకుండా, స్టెంటు, మాత్రలతోనే నూటికి తొంభై ఆరుగురు బతికే ఉన్నారు. వాళ్లంతా నాలాగే ఈఎఫ్ తగ్గినవాళ్లే.

ఇంకోటి చెప్పి ముగించేస్తాను. 2023లో డ్రీమ్-హెచ్ఎఫ్ అని 500 మంది పైన హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా తోయలేని జబ్బు) పేషెంట్లతో, వేరే దాతల కణాలతో చేసిన ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ముందుగా అనుకున్న ప్రశ్న, హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రావడం తగ్గుతుందా అని. తగ్గలేదు. కానీ గుండెపోటు, పక్షవాతం తగ్గాయి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి మంట) సూచికలు ఎక్కువున్నవాళ్లలో మరీ బాగుంది అని రాశారు. నిజం కావచ్చు. కానీ ఇది లెక్కల పరీక్షకి హాల్ టికెట్ తీసుకుని డ్రాయింగులో వచ్చిన మార్కులు చూపించడం. డ్రాయింగు పరీక్ష మళ్లీ విడిగా పెట్టాలి.

ఇలా కొందర్ని విడదీసి చూస్తే ఏమవుతుందో చెప్తాను. 1988లో గుండెపోటుకి ఆస్పిరిన్ మీద ఐసిస్-2 అని 17,187 మందితో చేశారు. ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని సందేహం లేకుండా తేలింది. ఇవాళ మీ జేబుల్లో ఉన్న మాత్ర అదే. దాన్ని అచ్చేసేటప్పుడు, వయసువారీగా, జబ్బువారీగా ముక్కలు చేసి చూపించమని పత్రిక పట్టుబట్టింది. అయితే రాశులవారీగా కూడా చూపిస్తాం అన్నారు ఆ పరిశోధకులు. చూపించారు. మిథున, తులా రాశుల వాళ్లకి ఆస్పిరిన్ పనిచేయలేదు! (నవ్వులు) మన చంద్రరాశులు కావులెండి, వాళ్ల లెక్క వేరు. తులారాశి వాళ్లెవరూ కంగారుపడి మాత్ర మానేయకండి. జనాన్ని తగినన్ని ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో ఏదో ఒకటి కనబడుతుందని చెప్పడానికే ఆ వేళాకోళం చేశారు వాళ్లు.

మన దేశంలో రూలు ఏమిటంటే, ఐసీఎంఆర్, అదే భారత వైద్య పరిశోధన మండలి, 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణాల వైద్యం మామూలు చికిత్సగా ఒప్పుకున్నది రక్తసంబంధమైన జబ్బులకే. గుండెకి ఇస్తే అది ప్రయోగం. ప్రయోగమైతే సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్టరులో నంబరు ఉండాలి, ఇంట్లో కూచుని ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నంబరు అడగండి. కంట్రోల్ గ్రూపు, అదే పోల్చడానికి ఆ రెండో వరస, ఉందా అడగండి. అన్నిటికంటే ముందు, డబ్బు అడుగుతున్నారేమో చూడండి. ప్రయోగానికి మన ఒళ్లు ఇస్తూ మనమే ఎదురు డబ్బు కట్టడం ఏమిటి?

అయిపోయింది. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: జపాన్‌లో ఏదో కొత్త రకం వచ్చిందని మా అబ్బాయి అంటున్నాడండి.)

అవునండీ, అది వేరే దారి. 2006లో యమనక అనే ఆయన మామూలు చర్మకణాన్ని వెనక్కి తిప్పి మూలకణంగా మార్చే పద్ధతి కనిపెట్టారు. 2012లో నోబెల్ ఇచ్చారు. వాటి నుంచి నిజంగా కొట్టుకునే గుండె కణాలు పెంచగలుగుతున్నారు. 2016లో కోతులకి వేస్తే గుండె బలం పెరిగింది, కొన్నాళ్లు లయ కూడా తప్పింది. కొత్త కణాలు వాటి తాళం అవి వేసుకున్నాయి. 2025లో జర్మనీ గోటింగెన్ వాళ్లు ఆ కణాలతో అతుకు లాంటిది నేసి కోతులకి, గుండెమార్పిడికి ఎదురుచూస్తున్న ఒక మనిషికి అంటించారు. మార్పిడిలో తీసిన పాత గుండెని కోసి చూస్తే ఆ అతుకు బతికే ఉంది. నాకు దాని మీద ఆశ ఉంది. ఎఫ్‌డీ మాత్రం ఇప్పుడే తీయను.

(మరో శ్రోత: చీటీ వేసే ట్రయల్‌కి మిమ్మల్ని పిలిస్తే వెళ్తారా మేష్టారూ?)

వెళ్తాను. ఉత్త ద్రవం వంతు వచ్చినా వెళ్తాను. ఆ రెండో వరసలో ఎవరో ఒకరు కూచోకపోతే పైన చెప్పిన ఒక్క లెక్కా ఉండేది కాదు.

(మూడో వరసలోంచి: బావా, ఇప్పుడు నీ ఈఎఫ్ ఎంత?)

చివరిసారి 46.

(ఏ కణాలూ లేకుండా 38 నుంచి 46 ఎలా అయిందంటావు?)

నువ్వు చెప్పిన చోటికి వెళ్లుంటే ఆ ఎనిమిదీ వాళ్ల వీడియోలో ఉండేవి. అసలు ఎలా అయిందంటే, మాత్రలా, నడకా, మూర్ఛపోయిన కండరం తేరుకోవడమా, ఎకో కుర్రాడి చుక్కలా, నాకు తెలీదురా. నేను ఒక్కణ్ణే కదా.